పెళ్లికూతురి మెడ మీద చారలు, పాలరాతి మీద మచ్చలు

పర్లాకిమిడి నుంచి ఒక తల్లి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. మాఘంలో కూతురి పెళ్లి, ఇంకా ఆరు వారాలుంది. మగపెళ్లివారిది బరంపురం. నిశ్చయ తాంబూలాల రోజున అవతలి పెద్దావిడ ఒకరు "పిల్ల కాస్త చామనచాయ" అన్నారట. ఆ మాట ఈవిడ అత్తగారి మనసులో నాటుకుపోయింది. మర్నాటి నుంచే మనవరాలికి రోజూ పొద్దున ఎండు నిమ్మతొక్కల పొడి కలిపిన నలుగు పెట్టడం, ఆపైన పచ్చి నిమ్మచెక్కతో మెడ, మోచేతులు రుద్దడం, ఆరేదాకా డాబా మీద ఎండలో కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. మూడో రోజుకి మెడ ఎర్రబడి మండింది, రసం కారిన మణికట్టు మీద రెండు బొబ్బలు లేచాయి. ఇప్పుడు ఎరుపు తగ్గి, రసం కారిన దారి వెంబడే గోధుమ, నలుపు కలిసిన చారలు తేలాయి. పిల్ల నానమ్మతో మాట్లాడటం మానేసింది. "మా కాలంలో ఇదే రాసుకునేవాళ్లం, ఎవరికీ ఏమీ కాలేదు, ఇంకో నాలుగు రోజులు రుద్దితే అదే పోతుంది" అంటారు అత్తగారు. పక్కింటి ఒడియా ఆవిడ, తన కూతురికి వారంలో తెల్లబరిచిందంటూ ఒక క్రీము ట్యూబు ఇచ్చి వెళ్లారు.

ఉత్తరం అక్కడితో ఆగలేదు. మార్గశిర లక్ష్మివారం పూజ కోసం ఇత్తడి కుందులు, చెంబులు రాత్రంతా నిమ్మరసం, ఉప్పు నీళ్లలో నానబెడితే పొద్దున్నకి గులాబీ రంగుకి తిరిగాయి. ఆ నీళ్లు ఒలికిన చోట దేవుడిగది ముందు కొత్తగా వేయించిన పాలరాతికి మెరుపు పోయింది. అదే వారం స్నానాలగదిలో బ్లీచింగ్ పౌడరు వాసన పోవాలని ఈవిడే అందులో నిమ్మరసం పిండితే, ఊపిరాడక దగ్గుతూ బయటికి పరుగెత్తారు. "నిమ్మకాయని ఇంట్లోంచే తీసెయ్యాలా? మచ్చలు పెళ్లికి పోతాయా? మగపెళ్లివారికి చెప్పాలా, దాచాలా? అత్తగారి మనసు నొప్పించకుండా ఎలా ఆపాలి?" ఇవీ ప్రశ్నలు.

అమ్మా, అన్నిటికన్నా ముందు బ్లీచింగ్ సంగతి. మీరు అడగకపోయినా ప్రాణం మీదికి వచ్చేది అదొక్కటే. బ్లీచింగ్ పౌడరులో ఏ ఆమ్లం పడినా క్లోరిన్ వాయువు విడుదలవుతుంది. నిమ్మరసమైనా, వెనిగరైనా, మరుగుదొడ్డి కడిగే యాసిడైనా ఒకటే. తలుపులు మూసిన చిన్న గదిలో అది కళ్లనీ గొంతునీ ఊపిరితిత్తులనీ మండిస్తుంది. ఇంకెప్పుడైనా అలా జరిగితే నీళ్లు కొట్టి సరిచేద్దామని లోపల నిలబడకండి. బయటికి వచ్చేసి తలుపులు, కిటికీలు బార్లా తెరవండి. దగ్గు తగ్గకపోయినా, ఛాతీ పట్టేసినట్టున్నా ఆసుపత్రికి వెళ్లాలి, ఎందుకంటే ఊపిరి ఇబ్బంది కొన్ని గంటలు ఆగి ముదరవచ్చు. కుళాయిల మీద తెల్లపొర నిమ్మతో తీసిన రోజున బ్లీచింగ్ ముట్టుకోవద్దు. దాన్ని మరో రోజుకి ఉంచండి. పనిమనిషి ఉంటే ఆమెకీ ఇది విడమరిచి చెప్పండి.

ఇక పిల్ల మెడ. మీరు రాసిన వివరాలన్నీ ఒక్క విషయాన్నే చూపిస్తున్నాయి: రసం కారిన దారిలోనే చారలు, రుద్దిన ఒకటి రెండు రోజులకి మంట, తర్వాత నలుపు. నిమ్మజాతి కాయల్లో, ముఖ్యంగా తొక్కలో, ఫ్యూరానోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితే చర్మకణాలు దెబ్బతింటాయి. అప్పటికప్పుడు ఏమీ తెలియదు. సుమారు 24 గంటలకి ఎరుపు మొదలై, రెండు మూడు రోజులకి మంట, బొబ్బలు ముదురుతాయి. అవి తగ్గాక నలుపు మిగులుతుంది. ఇది అలర్జీ కాదు, అంటువ్యాధి కాదు, దిష్టీ కాదు. రసం, ఎండ కలిసి కాల్చిన గాయం. మనూళ్లలో దొరికే పలచతొక్క కాగితపు నిమ్మలో ఈ గుణం, దళసరి తొక్క ఉండే పెద్ద పసుపు నిమ్మలో కన్నా ఎక్కువ. వీడియోల్లో ఎవరో పెద్ద నిమ్మతో చేసి చూపించింది మన కాయకి అలాగే వర్తించదు.

మీ అత్తగారి మాట అబద్ధమేమీ కాదని ఇక్కడే తెలుస్తుంది. నిమ్మ రాసుకుని వెంటనే స్నానం చేసి నీడపట్టున ఉండిపోయినవాళ్లకి ఏమీ కాకపోవచ్చు. రసం అంటిన తర్వాత అరగంట నుంచి రెండు గంటల వరకూ చర్మం ఎండకి చాలా సున్నితంగా ఉంటుంది. మీ అమ్మాయి సరిగ్గా ఆ సమయంలో డాబా మీద కూర్చుంది. చలికాలపు ఎండే కదా అనుకుని ఉంటారు. కానీ ఈ కిరణాలకి వేడితో పని లేదు. మబ్బులోంచీ వస్తాయి, కిటికీ అద్దంలోంచీ వస్తాయి. వేసవిలో పఖాళలోకో (ఒడియావాళ్ల చద్దన్నం) మజ్జిగలోకో నిమ్మకాయ పిండి, చెయ్యి సరిగ్గా కడుక్కోకుండా ఎండలో బట్టలు ఆరేసేవాళ్లకీ వేళ్ల మీద ఇలాంటి మచ్చలే వస్తాయి.

ఈరోజు నుంచే చేయాల్సినవి చెబుతాను. నిమ్మ, నిమ్మతొక్క పొడి, పీచు, నలుగు, బ్లీచ్, ఫేషియల్ ఏవీ ఆ మచ్చల జోలికి పోకూడదు. రుద్దినకొద్దీ నలుపు పెరుగుతుంది. బొబ్బలు చితక్కొట్టవద్దు. మంట ఇంకా ఉంటే చల్లటి నీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డ పది నిమిషాలు వేసి తీయండి. వాసన లేని మాయిశ్చరైజర్ గానీ, తేమ ఉన్న చర్మం మీద పెట్రోలియం జెల్లీ గానీ పలచగా రాస్తే చాలు. పగలు బయటికి వెళ్లేముందు 15 నిమిషాలకి ఎస్.పి.ఎఫ్. 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్, మొహానికీ మెడకీ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండినంత రాయాలి. బఠాణీ గింజంత రాస్తే లాభం లేదు. ఎండలోనే ఉండాల్సివస్తే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. దళసరి చున్నీ మెడ చుట్టూ కప్పుకోవడం కూడా బాగా పనికొస్తుంది.

పెళ్లికి పోతాయా అంటే, పూర్తిగా పోతాయని మీకు మాటివ్వలేను. ఇలాంటి నలుపు కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా ఉంటుంది, చామనచాయ చర్మం మీద ఇంకాస్త ఎక్కువ కాలం. చాలావరకు దానంతటదే పోతుంది. ఇప్పుడు మీ ముందు రెండు దారులున్నాయి. ఎండ తగలకుండా చూసుకుంటూ ఓపిక పట్టడం ఒకటి. ఖర్చుండదు, కొత్త ప్రమాదమూ ఉండదు. ఆరు వారాల్లో చారలు పలచబడతాయి గానీ జాడ ఉండొచ్చు. పెళ్లిరోజు మెడకి కాస్త మేకప్ వేస్తే అది కనపడదు. రెండోది ఈ వారంలోనే చర్మవైద్యులకి చూపించడం. బొబ్బలొచ్చాయన్నారు కాబట్టి నేను దీనివైపే మొగ్గుతాను. బరంపురం ఎం.కె.సి.జి. వైద్యకళాశాల ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. శ్రీకాకుళం దగ్గరనుకుంటే అటే వెళ్లండి. మంట దశకి కొద్దిరోజులకి ఒక మందు, నలుపు దశకి మరో మందు ఇస్తారు. ఏది ఎప్పుడు మొదలుపెట్టాలో చర్మం చూసి చెప్పాల్సిన విషయం. పుండు మానకముందే నలుపు మందు రాస్తే అదే మళ్లీ మండించి కొత్త నలుపు తెస్తుంది.

పక్కింటావిడ ఇచ్చిన ట్యూబు మాత్రం ముట్టుకోవద్దు. ఆవిడ మంచికే ఇచ్చారు, అందులో అనుమానం లేదు. వారంలో తెల్లబరిచే క్రీముల్లో తరచూ ఉండేది ఘాటైన స్టెరాయిడ్. ట్యూబు మీది సన్నటి అక్షరాలు చదవండి. క్లోబెటాసోల్, మొమెటసోన్, బీటామెథాసోన్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏ పేరున్నా అది డాక్టరు చీటీతో వాడాల్సిన మందు. మొదటి వారం చర్మం తేటగా కనిపిస్తుంది. వాడుతూపోతే పలచబడి, ఎర్రటి నరాలు తేలి, మొటిమలు, సన్నటి వెంట్రుకలు వస్తాయి. ఆపితే మంటతో ఎర్రగా తిరగబడుతుంది. ఆ తిరగబడటం సరిగ్గా పెళ్లివారంలో వస్తే ఏం చేస్తారు? ఆవిడ కూతురు ఇంకా వాడుతుంటే ఈ మాట ఆవిడ చెవినా వేయండి. చాలాకాలంగా వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపకుండా డాక్టరు సలహాతో ఆపాలి.

అసలు నిమ్మకాయకి చర్మాన్ని తెల్లబరిచే శక్తి ఉందా? మచ్చలు తగ్గించే సీరమ్‌లలో సి విటమిన్ నూటికి 10 నుంచి 20 వంతులుంటుంది. నిమ్మరసంలో 100 గ్రాములకి సుమారు 30 మిల్లీగ్రాములు, అంటే నూటికి 0.03 వంతు. ఎన్ని కాయలు పిండినా ఆ పని జరగదు. పులుపుని కొలిచే పి.హెచ్. అంకె ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ: చర్మానిది 5 దగ్గర ఉంటే నిమ్మరసానిది 2 నుంచి 2.5. లెక్కకి కొన్ని వందల రెట్లు ఎక్కువ పులుపు. రుద్దగానే కనిపించే ఆ "తేట" మీది పొర ఒలిచినందువల్ల వచ్చేదే. ఇంతకీ మీ అమ్మాయి రంగు మురికి కాదమ్మా, వదిలించడానికి. ఒక ఆవిడ నోరుజారి అన్న మాటకి ఆ పిల్ల మెడ కాలింది. ఇకముందు ఆ మాట మీ ఇంట్లో ఎవరి నోటా రాకుండా చూడటం తల్లిగా మీ చేతిలో ఉన్న పని.

మగపెళ్లివారి విషయానికి వద్దాం. దాచిపెట్టవచ్చు, చీర కొంగు మెడ చుట్టూ తిప్పితే కనపడదు. కానీ పసుపు కొట్టే రోజునో, బట్టలు పెట్టడానికి వచ్చినప్పుడో ఎవరి కంటైనా పడితే "ఏదో చర్మవ్యాధి ఉంది, చెప్పలేదు" అనే మాట పుడుతుంది. ఆ మాటని తర్వాత తుడవడం కష్టం. పెద్దలే వెళ్లి పెద్దలకి చెబితే చిన్న విషయానికి పంచాయతీ అంత బరువు వస్తుంది. మీ అమ్మాయే పెళ్లికొడుక్కి ఫోనులో "నిమ్మరసం రాసుకుని ఎండలో కూర్చున్నాను, మెడ కాలింది, డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను" అని చెప్పేస్తే నాలుగు మాటల్లో అయిపోతుంది. అతని జవాబు ఎలా ఉంటుందో వినడం కూడా మీ అమ్మాయికి పనికొస్తుంది. చెప్పాలా వద్దా అన్నది ఆమే తేల్చుకోవాలి, మీరు బలవంతపెట్టకండి.

అత్తగారిని ఆపడం మీకు అన్నిటికన్నా బరువుగా ఉన్నట్టుంది. మొహమ్మీదే "మీ నిమ్మకాయ వల్లే" అంటే నిమ్మ ఆగుతుంది, నిజమే. కానీ పెళ్లింట్లో ఆవిడ ఒక మూలకి జరిగి కూర్చుంటారు, మనవరాలితో మాట ఇంకా పడిపోతుంది. చెప్పకుండా నిమ్మకాయలు దాచేస్తే రెండు రోజుల్లో ఆవిడకి తెలుస్తుంది, అప్పుడు అవమానం ఇంకా పెద్దది. డాక్టరు దగ్గరికి అమ్మాయితో పాటు ఆవిడనీ తీసుకెళ్లడం మూడో దారి. కోడలు చెప్పినదానికన్నా డాక్టరు చెప్పింది మింగుడుపడుతుంది. అయితే వెళ్లేముందే డాక్టరుతో ఒక్క మాట అనుకోండి, అందరి ముందూ ఆవిడని తప్పుపట్టకుండా "ఎండ తగలడం వల్ల" అని మొదలుపెట్టమని. అది అబద్ధం కాదు కూడా. ఆవిడ ఒప్పుకోకపోయే అవకాశమూ ఉంది. అప్పుడు మీరు మెత్తగానే, కానీ గట్టిగా "పెళ్లయ్యేదాకా దాని మెడ మీద ఎవరూ ఏమీ రాయొద్దత్తయ్యా, డాక్టరు మందు తప్ప" అనాల్సిందే. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం వెనక్కి తగ్గకండి.

ఆవిడ చేతిలోంచి ఒక పని తీసేటప్పుడు మరోటి పెట్టండి. నిమ్మతొక్క లేని నలుగు ఆవిడే కలపొచ్చు: రెండు గుప్పెళ్ల పెసరపిండికి ఒక గుప్పెడు శనగపిండి, పావు చెంచా పసుపు, కలపడానికి పెరుగు లేదా పాలు. ముందు నువ్వులనూనె రాసి, నలుగు పూర్తిగా ఆరకముందే తడిచేత్తో మెల్లగా తీయాలి. గట్టిపడ్డాక రుద్దితే చర్మం ఒరుసుకుపోతుంది. మచ్చలున్న చోట మాత్రం పెళ్లినాటి నలుగు కూడా నూనె బొట్టుతో సరిపెట్టండి. ఎండబెట్టినంత మాత్రాన తొక్కలోని ఆ పదార్థాలు పోవు, కాబట్టి చేసి ఉంచిన తొక్కల పొడి ఇక ఒంటికి వద్దు. సింకుకో, కుళాయిలకో వాడేయండి. మేకప్ సామాను కొత్తదైతే పెళ్లికి కనీసం మూడు రోజుల ముందు చెవి వెనక రాసి చూడాలి.

ఇత్తడి పని పూర్తిగా అత్తగారికే అప్పగించండి, నిమ్మకాయ నిజంగా గెలిచేది అక్కడే. ఇత్తడి మీది నలుపు ఎక్కువగా రాగి ఆక్సైడు. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం దాన్ని కరిగిస్తుంది, ఉప్పు ఆ పనిని తొందర చేస్తుంది. కానీ నూనెనీ మసినీ నిమ్మ కరిగించలేదు. అందుకే ముందు గోరువెచ్చటి నీళ్లలో సబ్బుపొడి వేసి కుందులు జిడ్డు పోయేదాకా కడగాలి. తర్వాత పిండేసిన నిమ్మచెక్కని ఉప్పులో అద్ది రుద్దాలి. వంటకి పిండగా మిగిలినవి చాలు, కొత్త కాయలు కొయ్యనక్కర్లేదు. రెండు మూడు నిమిషాలు దాటకూడదు. వెంటనే నీళ్లతో, ఆపైన సబ్బునీళ్లతో ఒకసారి కడిగి, పొడి నూలుగుడ్డతో ఆ క్షణమే తుడవాలి. తడి ఉంచితే గంటలో చుక్కలు పడతాయి. రాత్రంతా నానితే ఏమవుతుందో మీరు చూశారు: ఇత్తడిలోని జింకు కరిగిపోయి పైన రాగి మిగులుతుంది, గులాబీ రంగు అదే. జల్లించిన బూడిద, చింతపండు కలిపి మెత్తగా తోమితే పైపై పొర పోయి చాలావరకు పసుపు తిరిగొస్తుంది. చింతపండు పులుపు ఇంకాస్త నెమ్మది కాబట్టి చేయి తిరగనివాళ్లకి అదే మేలు. అప్పటికీ పోకపోతే పాలిష్ వాళ్లకి ఇవ్వండి. ఇటుకపొడి వద్దు, గీతలు పడతాయి. షాపులో కొన్న కొత్త కుందులకి పైన పారదర్శకమైన పూత ఉంటే నిమ్మ దాన్ని మచ్చలు మచ్చలుగా లేపుతుంది. వాటికి సబ్బునీళ్లే.

వెండి నలుపు వేరే రకం, దానికి నిమ్మ అంతగా పనిచేయదు. ముత్యాలు, పగడాలు, ఒక గ్రాము బంగారపు పూత నగలు నిమ్మ దగ్గరికే రాకూడదు. పెళ్లి నగలు తోమే హడావుడిలో ఇది గుర్తుంచుకోండి. ముత్యం, పగడం రెండూ పాలరాయి లాగే కాల్షియం కార్బొనేటు, పులుపు తగిలితే కరుగుతాయి.

పాలరాతి మీద పడింది మరక కాదు, రాయి కరిగిన చోటు. పరీక్ష తేలిక: నీళ్లు పోస్తే మచ్చ మాయమై, ఆరగానే తిరిగొస్తే అది కరగడమే. ఎంత తోమినా పోదు, మళ్లీ నిమ్మతో తోమితే పెరుగుతుంది. రూపాయి బిళ్లంత మచ్చలైతే టిన్ ఆక్సైడు పాలిషింగ్ పొడి కొన్ని నీళ్లతో ముద్దచేసి, తడి ఫెల్టు గుడ్డతో గుండ్రంగా పదిహేను ఇరవై నిమిషాలు రుద్ది చూడొచ్చు. ముందు పీట కిందకో తలుపు వెనక్కో పోయే చోట పరీక్షించండి. పెద్ద మచ్చ అయితే మెషిన్ పాలిష్ చేయించాలి, అది ఒక్క పలకకే చేస్తే చుట్టూ ఉన్నవాటితో తేడా కొడుతుంది, ఆ గది మొత్తం చేయించక తప్పదు. ఖర్చు వద్దనుకుంటే ప్రస్తుతానికి అక్కడ చాప వేసినా తప్పు లేదు. పెళ్లికి ఎలాగూ ఇంటికి రంగులు వేయిస్తారు కాబట్టి, మెషిన్ పాలిష్ అనుకుంటే గోడల పని అయ్యాక పెట్టుకోండి, లేకపోతే రంగు చుక్కలు మళ్లీ కొత్త పాలిష్ మీదే పడతాయి. మీ వంటగట్టు కడప రాయైతే దానికీ ఇదే జాగ్రత్త, అదీ సున్నపురాయే. మొజాయిక్ గచ్చూ అంతే. గ్రానైటు చాలావరకు తట్టుకుంటుంది గానీ రసం నిలవ ఉంచకండి. ఇత్తడి ఇకనుంచి పెరట్లో ప్లాస్టిక్ టబ్బులో తోమితే ఈ గొడవే ఉండదు.

కాబట్టి నిమ్మని ఇంట్లోంచి తీసెయ్యనక్కర్లేదు. బోరు నీళ్లకి కుళాయిల మీద పేరుకునే తెల్లపొరకి నిమ్మచెక్క రుద్ది పది నిమిషాలుంచి కడిగేస్తే చాలు. నీళ్లు కాచే కెటిల్ లోపలి పొరకి లీటరు నీళ్లలో రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం పొడి) వేసి మరిగించి, అరగంట ఉంచి పారబోసి, మంచినీళ్లు ఒకసారి కాచి అవీ పారబోయండి. నల్లబడ్డ అల్యూమినియం గిన్నెలో నీళ్లు, నాలుగు చెక్కలు వేసి పది నిమిషాలు మరిగిస్తే తేటపడుతుంది. ఇనుప దోసెపెనానికి మాత్రం వద్దు, పట్టిన నూనెపొర పోయి తుప్పు పడుతుంది. నిమ్మరసంలో వంటసోడా కలిపి పొంగించడం చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకుంటాయి, తోమే బలం మిగలదు. విడివిడిగా వాడండి. ఏ పనైనా అయ్యాక చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కునే ఎండలోకి వెళ్లాలి, అత్తగారితో సహా.